జేబీ, జాజ్ జోడీ: 16 కిలోఓమ్‌లు చూసి తొందరపడకండి

గిటారులో హంబకర్లు (తీగల కదలికను విద్యుత్తుగా మార్చే పికప్‌లలో, రెండు రాగి కాయిళ్లతో విద్యుత్ రొదను రద్దు చేసే రకం) మార్చాలి, ఏవి వేయించమంటారని ఎవరిని అడిగినా ముందు వచ్చే పేరు సెమోర్ డంకన్ కంపెనీ జేబీ. బ్రిడ్జి (గిటారు ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గరకు ఎస్‌హెచ్-4 జేబీ, నెక్ (గిటారు మెడ) దగ్గరకు ఎస్‌హెచ్-2 జాజ్, రెండూ కలిపి హాట్ రాడెడ్ సెట్ అని ఒకే పెట్టెలో దొరుకుతాయి. మన దేశంలో ఆ పెట్టె ధరకు ఇంకో చవక ఎలక్ట్రిక్ గిటారు వచ్చేస్తుంది. కాబట్టి మా మాట ముందే చెప్పేస్తున్నాం: జాజ్‌కు వంక పెట్టడం కష్టం, దాదాపు ఏ గిటారులో వేసినా ఇమిడిపోతుంది. జేబీ అలా కాదు. కొన్ని గిటార్లలో ప్రాణం పోస్తుంది, కొన్నింటిలో ముక్కుతో పాడినట్టు ఉంటుంది. ఆ తేడా ఎక్కడ పుడుతుందో తెలిస్తే కొనాలో వద్దో మీరే తేల్చుకోగలరు.

అసలు డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక స్క్రూడ్రైవర్ పని ఉంది. చవక గిటార్లలో చాలావాటికి పికప్‌లు తీగలకు మరీ దగ్గరగా బిగించి ఉంటాయి. మోత ఎక్కువొస్తే కొనేవాడికి నచ్చుతుందని కాబోలు. దాంతో బేస్ ముద్దయిపోతుంది, కార్డు వాయిస్తే ఏ స్వరానికా స్వరం వినిపించదు. రెండు పక్కల స్క్రూలను రెండేసి చుట్లు వదులు చేసి, ఆ తగ్గిన మోతను ఆంప్‌లో (యాంప్లిఫయర్‌లో) పెంచుకుని వినండి. సగం ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయి. తీరకపోతేనే మిగతాది చదవండి.

జేబీ పెట్టె మీద, దుకాణం పేజీల మీద మెరిసే అంకె డీసీ రెసిస్టెన్స్, అంటే కాయిల్ తీగ నిరోధం: 16 కిలోఓమ్‌లకు పైన. పాతకాలపు గిబ్సన్ పీఏఎఫ్ పద్ధతిలో చుట్టిన హంబకర్‌కు ఇది 8 చుట్టుపక్కల ఉంటుంది. 16 అంటే 8కి రెట్టింపు, కాబట్టి మోత రెట్టింపు అని అనుకునేవాళ్లు ఎందరో. అది తప్పు లెక్క. పీఏఎఫ్ తరహా పికప్‌కు వాడేది 42 గేజ్ రాగి తీగ, మందం సుమారు 0.063 మిల్లీమీటర్లు. జేబీకి వాడేది 44 గేజ్, 0.05 మిల్లీమీటర్లు. సన్న తీగకు సహజంగానే నిరోధం ఎక్కువ, అదే పొడవుకు దాదాపు 1.6 రెట్లు. ఆ లెక్కన జేబీలోని తీగను 42 గేజ్‌లో చుట్టి ఉంటే మీటరు చూపేది 10 కిలోఓమ్‌ల దగ్గర. చుట్లు ఎక్కువే గానీ రెట్టింపు కాదు. పైగా రాగి నిరోధం వేడికి పెరుగుతుంది, డిగ్రీకి 0.39 శాతం. 20 డిగ్రీల ఏసీ గదిలో 16.4 చూపించిన పికప్పే మే నెలలో రెంటచింతల మధ్యాహ్నం 40 డిగ్రీల గదిలో 17.6 పైన చూపిస్తుంది. ఎండకు పికప్ బలం పెరగలేదు కదా! ఈ అంకెను కాయిల్ తెగిందా లేదా అని చూడటానికి వాడండి, ధ్వనిని ఊహించడానికి వద్దు.

ధ్వనిని నిజంగా చెప్పేది ఇండక్టెన్స్, అంటే కరెంటులో మార్పును కాయిల్ అడ్డుకునే గుణం. జేబీది 8 హెన్రీల దరిదాపు, పీఏఎఫ్ తరహావి నాలుగు, నాలుగున్నర. ఈ కాయిల్‌కు మీ కేబుల్‌లోని కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిలవ ఉంచుకునే గుణం) తోడై, ఒక పౌనఃపున్యం దగ్గర ధ్వని గుట్టలా లేస్తుంది, ఆ పైన జారిపోతుంది. మామూలు గిటారు కేబుల్ మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌లు. 6 మీటర్ల కేబుల్, పికప్‌లో సొంతంగా ఉండే మరో 100 కలిపి లెక్కకడితే జేబీ గుట్ట 2,100 హెర్ట్జ్‌ల దగ్గర తేలుతుంది, పీఏఎఫ్ తరహాది 2,900 దగ్గర. తయారీదారులు అచ్చువేసే 5.5 కిలోహెర్ట్జ్ లాంటి అంకెలు కేబుల్ తగిలించకముందువి, వాటితో మనకు పని లేదు. 2,000 నుంచి 3,000 మధ్య అంటే మన చెవికి బాగా గుచ్చుకునే చోటు. జేబీ సోలో వాయిస్తే డ్రమ్ములను, రెండో గిటారును చీల్చుకుని ముందుకు రావడానికి కారణం ఇదే. ట్రెబుల్ ఎక్కువున్న గిటారులో ఇదే పికప్ చెవి మెలిపెట్టినట్టు ఉండటానికీ కారణం ఇదే.

దీనికి పైసా ఖర్చు లేని చికిత్స ఒకటుంది. 6 మీటర్ల కేబుల్ తీసి 3 మీటర్లది పెట్టండి. గుట్ట 2,800 దగ్గరకు ఎక్కుతుంది, ముక్కు గొంతు తెరుచుకుంటుంది. గిటారు నుంచి మొదటి పెడల్‌కు (కాలితో నొక్కే ఎఫెక్ట్ పెట్టెకు) పొట్టి కేబుల్ వేసి, ఆ పెడల్‌లో బఫర్ (సిగ్నల్‌ను నీరసించకుండా ముందుకు పంపే చిన్న సర్క్యూట్) ఉంటే, అక్కడి నుంచి ఆంప్‌కు ఎంత పొడవున్నా పరవాలేదు.

రెండో చికిత్స వాల్యూమ్ పాట్, అంటే వాల్యూమ్ నాబ్ కింద ఉండే, తిప్పితే నిరోధం మారే భాగం. హంబకర్లకు 500 కిలోఓమ్‌ల పాట్ వాడటం ఆనవాయితీ. జేబీ ఒక్కదానికి మాత్రం 250 వేయించి చూడమంటాం, ముఖ్యంగా స్ట్రాట్ తరహా గిటారులో: 25.5 అంగుళాల స్కేలు, బోల్ట్ నెక్, బ్రిడ్జిలో ఒక హంబకర్, మిగతావి సింగిల్ కాయిళ్లు (ఒకే కాయిల్ ఉన్న పికప్‌లు). వాటికి ఎలాగూ 250 పాటే ఉంటుంది. ఆ పాట్ గుట్టను అణిచి పైనున్న గరుకును తగ్గిస్తుంది. లెస్ పాల్ తరహా మందపాటి మహాగని గిటారుకు 500 ఉంచండి. అన్నట్టు, 500 అని అచ్చువేసిన పాట్ నిజంగా 500 ఉండాలని లేదు. 20 శాతం అటూ ఇటూ అంటే 400 నుంచి 600 దాకా ఏదైనా రావచ్చు. కొన్న చోటే మీటరు పెట్టి చూసి, ఎక్కువున్నది నెక్‌కు, తక్కువున్నది బ్రిడ్జికి పెట్టుకోవడం తెలివైన పని.

ఏ వాయింపుకు సరిపోతుంది? 1980ల నాటి హార్డ్ రాక్, సోలోలు, మధ్యస్తంగా పెంచిన ఓవర్‌డ్రైవ్ (ఆంప్‌ను గట్టిగా తోసి ధ్వనిని గరుకెక్కించడం): వీటికి జేబీని మించింది తక్కువ. 1970ల మొదట్లో కంపెనీ స్థాపకుడు సెమోర్ డంకన్ గిటారిస్టు జెఫ్ బెక్ కోసం సిద్ధం చేసిన టెలీ-గిబ్ గిటారు నాటి పికప్పే దీనికి మూలం, పాడే గుణం అక్కడి నుంచే వచ్చింది. శ్రుతిని డ్రాప్ సి దాకా (లావు తీగ సి స్వరం పలికేదాకా) దించి పామ్ మ్యూట్లతో (అరచేతి అంచుతో తీగలను అదిమి) వాయించేవాళ్లకు మాత్రం ఇది నప్పదు. ఇందులోది ఆల్నికో 5 అయస్కాంతం. అడుగు తీగలు గట్టిగా కొట్టుకోవాల్సిన చోట దీని బేస్ మెత్తగా కుంగుతుంది. శుభ్రమైన టోన్‌తో చర్చిలోనో పెళ్లి ఆర్కెస్ట్రాలోనో సాయంత్రమంతా రిథమ్ వాయించేవాళ్లు కూడా జేబీ జోలికి పోవద్దు, ఒకటిరెండు గంటలకే చెవి అలిసిపోతుంది.

జాజ్ సంగతి. పేరు చూసి మెత్తని, మసకగా ఉండే పికప్ అనుకుంటారు. దానికి తలకిందులు. 8 కిలోఓమ్‌ల లోపే, ఆల్నికో 5, బేస్ బిగువుగా, పైన తేటగా ఉంటుంది. నెక్ దగ్గర తీగ ఊగే వెడల్పు ఎక్కువ, అక్కడ బలమైన పికప్ పెడితే గంజిలా చిక్కబడుతుంది. అందుకే అక్కడ తక్కువ చుట్లది కావాలి. గెయిన్ (ఆంప్‌లో గరుకు పెంచే మోతాదు) పెంచి వేగంగా వాయించినా ఏ స్వరం దానికే వినిపించడం జాజ్‌లో ప్రత్యేకత. గుండ్రటి, వెచ్చని బ్లూస్ గొంతు కావాలంటే మాత్రం ఇది కాస్త పొడిగా తోస్తుంది. అప్పుడు నెక్‌కు ఎస్‌హెచ్-1, అంటే ఫిఫ్టీ నైన్, మేలు.

బ్రిడ్జికి ప్రత్యామ్నాయాలు ఎలా ఎంచుకోవాలంటే, మీ గిటారులో ఏది తక్కువైందో ముందు తేల్చండి. మోత చాలు, స్పష్టత కావాలంటే ఫిఫ్టీ నైన్ బ్రిడ్జి. గరుకు తగ్గి తియ్యగా పలకాలంటే ఆల్నికో 2 ఉన్నవి, పెర్లీ గేట్స్ గానీ ఆల్నికో 2 ప్రో గానీ. వీటిలో పెర్లీ గేట్స్‌కు పైన కాస్త కొరుకుడు ఎక్కువ. బేస్ గట్టిపడాలి, గెయిన్ ఎక్కువ కావాలంటే సిరామిక్ అయస్కాంతమున్న డంకన్ కస్టమ్, లేదా ఇంకో పికప్ కంపెనీ డిమార్జియో నుంచి 1972లో వచ్చిన సూపర్ డిస్టార్షన్. గిటారుకు వచ్చిన పికప్ తీసేసి వేరేది కొని పెట్టుకోవడమనే అలవాటును మార్కెట్టుగా మార్చింది ఆ సూపర్ డిస్టార్షనే. ఇప్పటికీ దాని మందపాటి మిడ్ (బేస్‌కూ ట్రెబుల్‌కూ మధ్య భాగం) జేబీ మిడ్ కంటే కింద ఉంటుంది, అందుకే చెవికి గుచ్చదు. గిబ్సన్ హంబకర్ రూపకర్త సెత్ లవర్ పేరు మీద వచ్చే ఎస్‌హెచ్-55 కాయిళ్లకు మైనం పట్టించరు, అది శుభ్రమైన టోన్లకు అద్భుతం, పెద్ద శబ్దంతో ఆంప్ పక్కన నిలబడితే కీచుమంటుంది. ఈఎంజీ 81 లాంటి యాక్టివ్ పికప్‌ల దారి వేరు. 9 వోల్టుల బ్యాటరీకి గిటారులో చోటుండాలి, పాట్లన్నీ 25 కిలోఓమ్‌లకు మార్చాలి. ఒకటి యాక్టివ్, ఒకటి మామూలుది కలిపి పెట్టే ప్రయోగం వద్దు.

కొనేముందు స్కేలు తీసుకుని కొలవాల్సింది ఒకటుంది. బ్రిడ్జి దగ్గర లావు ఇ తీగ మధ్య నుంచి సన్న ఇ తీగ మధ్యకు దూరం. గిబ్సన్ తరహా గిటార్లకు పికప్ మీది మేకుల (తీగకొకటిగా ఉండే లోహపు మొనల) వరస వెడల్పు సుమారు 49 మిల్లీమీటర్లు. ట్రెమొలో (కడ్డీతో శ్రుతిని ఊపే బ్రిడ్జి) ఉన్నవాటికి, అందులో ఒక రకమైన ఫ్లాయిడ్ రోజ్ ఉన్నవాటికి తీగలు మరింత ఎడంగా ఉంటాయి. వాటికి జేబీలో ట్రెంబకర్ అనే వెడల్పు రకం తీసుకోవాలి, సంఖ్య టీబీ-4. డిమార్జియోలో దీన్నే ఎఫ్ స్పేస్డ్ అంటారు, అది 51 మిల్లీమీటర్లు. రెండు మిల్లీమీటర్లు తప్పినంత మాత్రాన శబ్దం పోదు గానీ, చూడటానికి అసహ్యంగా ఉంటుంది, తీగను బెండ్ చేసినప్పుడు అంచు తీగలు కొంచెం బలహీనపడవచ్చు. నెక్‌కు చాలావరకు మామూలు వెడల్పే.

రెండోది కాళ్లు. పికప్ అడుగు పలకకు రెండు వైపులా వంగిన చెవుల్లాంటివి ఉంటాయి. కొన్నింటికి పొడుగ్గా, కొన్నింటికి పొట్టిగా ఉంటాయి. పలచని గిటారులో గుంత లోతు చాలకపోతే పొడుగు కాళ్లు అడుగుకు తగిలి పికప్ కిందికి దిగదు. మూడోది ఆ కాళ్లలోని మర. ఆసియాలో తయారైన గిటార్లకు మెట్రిక్ స్క్రూలు, అమెరికా పికప్‌లకు అంగుళాల మర. పాత స్క్రూను బలవంతంగా తిప్పితే మెత్తటి లోహంలో మర చెరిగిపోతుంది. పెట్టెలో వచ్చిన కొత్త స్క్రూలు, స్ప్రింగులే వాడండి. పాట్లు కూడా మారుస్తుంటే ఇదే తంటా: చవక గిటార్ల చిన్న పాట్లకు చెక్కలో రంధ్రం 7 మిల్లీమీటర్లు, అమెరికా పెద్ద పాట్లకు 9.5. డ్రిల్‌తో ఒకేసారి పెద్దది చేయబోతే పెయింటు పెచ్చులు లేస్తుంది. చేతి రీమర్‌తో పైనుంచి నెమ్మదిగా తిప్పుతూ పెంచాలి.

ఇక టంకం. 60/40 రకం (తగరం, సీసం పాళ్లు), లోపల రోజిన్ ఉన్న 0.8 మిల్లీమీటర్ల తీగ చాలు. ఇవన్నీ హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీలో ఒక్క గంటలో పోగవుతాయి, టోన్ నాబ్‌కు వేసే 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్‌తో సహా. ఇళ్లలో మామూలుగా ఉండే 25 వాట్ల ఐరన్ పాట్ కాళ్లకు సరిపోతుంది. పాట్ వీపు మీద ఎర్త్ వైరు అతికించడానికి చాలదు. ఆ పెద్ద లోహపు డబ్బా వేడినంతా పీల్చేసుకుంటుంది, మీరు ఐరన్‌ను నిమిషాల తరబడి అక్కడే నొక్కి పెడతారు, లోపలి కార్బన్ పట్టీ మాడుతుంది, తర్వాత వాల్యూమ్ తిప్పినప్పుడల్లా గరగర. 40 నుంచి 60 వాట్లది, వెడల్పు మొనతో, మూడు నాలుగు సెకన్లలో పని ముగించాలి. ముందుగా ఆ వీపును ఇసుక కాగితంతో మెరిసేదాకా రుద్ది, కొద్దిగా టంకం పూసి ఉంచండి. చల్లారాక అతుకు మెరవకుండా బూడిద రంగులో గింజలుగా ఉంటే అది పచ్చి అతుకు, మళ్లీ వేడి చేయండి.

పని వరస ఇది. పాత వైరింగును ఫోన్‌తో రెండు మూడు కోణాల్లో ఫొటో తీయండి. తీగలు తీసేయండి. గిటారు ముఖాన్ని పాత తుండుగుడ్డతో కప్పండి, ఒక్క టంకం చుక్క పడినా పాలిష్ మీద మచ్చ పోదు. పాత పికప్ వైరును కత్తిరించకుండా టంకం కరిగించి విడదీయండి, రేపు అమ్ముకోవడానికైనా పనికొస్తుంది. కొత్త డంకన్‌లో నల్ల వైరు వాల్యూమ్ పాట్‌కు లేదా స్విచ్‌కు వెళ్తుంది. ఎరుపు, తెలుపు కలిపి టంకం వేసి టేపు చుట్టాలి. ఆకుపచ్చ, ఉత్త రాగి వైరు కలిపి పాట్ వీపు మీద. డిమార్జియో రంగులు వేరు: ఎరుపు పాట్‌కు, నలుపు తెలుపు కలిపి టేపు, ఆకుపచ్చ, ఉత్త వైరు ఎర్త్‌కు. ఒక కంపెనీ బొమ్మ చూసి ఇంకో కంపెనీ పికప్ బిగించడమే ఎక్కువమంది చేసే పొరపాటు.

తీగలు వేసేముందే ప్లగ్ పెట్టి, స్క్రూడ్రైవర్‌తో పికప్ మేకులను తట్టి చూడండి. రెండు వరసలూ టక్ టక్‌మని ఒకేలా పలకాలి. ఒక వరస మాత్రమే పలికితే ఎరుపు తెలుపు జంట ఎక్కడో ఎర్త్‌కు తగులుతోంది. అస్సలు పలకకపోతే పాట్ కాళ్లు చూడండి.

ఒక కంపెనీ నెక్ పికప్‌తో ఇంకో కంపెనీ బ్రిడ్జి పికప్ కలిపినప్పుడు ఒక్కోసారి విడివిడిగా రెండూ బాగుంటాయి, స్విచ్ మధ్యలో పెట్టగానే శబ్దం సన్నబడి డొల్లగా మారుతుంది. అంటే ఫేజు తిరగబడింది, ఒకదాని అల రెండోదానికి ఎదురై రద్దు చేస్తోంది. ఇది బిగించకముందే తెలుసుకోవచ్చు. మల్టీమీటరును 20 కిలోఓమ్‌ల మీద పెట్టి పికప్ రెండు కొసలకు తగిలించండి. ఇనుప స్క్రూడ్రైవర్‌ను మేకులకు ఆనించి, చటుక్కున పైకి లాగండి. అంకె ఒక్క క్షణం పైకో కిందికో ఎగురుతుంది. రెండో పికప్‌కు కూడా అదే దిక్కున ఎగరాలి. తేడా వస్తే ఒకదానికి పాట్‌కు వెళ్లే వైరు, ఆకుపచ్చ వైరు స్థానాలు మార్చండి. ఉత్త రాగి వైరు మాత్రం ఎప్పుడూ ఎర్త్‌కే. పాతకాలపు అల్లిక తీగతో ఒకే వైరున్న పికప్‌లకు ఈ వీలు లేదు, అయస్కాంతం తిప్పాల్సి వస్తుంది.

ఇంత చేసినా గుంయ్‌మంటోందని వచ్చే ఫిర్యాదుల్లో పికప్ తప్పు తక్కువ. హంబకర్ రద్దు చేసేది గాలిలో నుంచి కాయిల్‌కు అందే 50 హెర్ట్జ్ హమ్మును. తీగలను ముట్టుకోగానే రొద తగ్గితే గిటారు ఎర్త్ పని చేస్తున్నట్టే. మిగిలిన రొద ఎల్‌ఈడీ డ్రైవర్ల నుంచో, ఫ్యాన్ రెగ్యులేటర్ నుంచో, మూడో పిన్‌కు ఎర్తింగే లేని గోడ సాకెట్ నుంచో వస్తుంది. ముట్టుకున్నా తేడా లేకపోతే బ్రిడ్జి నుంచి పాట్‌కు వెళ్లే వైరు ఊడి ఉంటుంది. ట్రెమొలో గిటార్లలో అది వెనక స్ప్రింగులు పట్టుకునే ఇనుప ముక్కకు అతికి ఉంటుంది, పని చేస్తున్నప్పుడు తెగడం మామూలే. తీగలు ముట్టుకున్నప్పుడు చిన్న షాకు తగిలితే మాత్రం పికప్ సంగతి పక్కన పెట్టి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

కాయిల్ విడగొట్టే (హంబకర్‌లో ఒక్క కాయిలే పలికేట్టు చేసే) పుష్-పుల్ పాట్, అంటే పైకి లాగితే స్విచ్‌లా పనిచేసే పాట్, పెట్టుకుందామనే వాళ్లకు ఒక చిట్కా. అందరూ చేసేట్టు రెండు పికప్‌ల ఎరుపు తెలుపు జంటలనూ ఎర్త్‌కు కలిపితే రెండింట్లోనూ ఒకే రకం కాయిల్ మిగులుతుంది, మధ్య స్థానంలో హమ్ పోదు. ఒక పికప్‌లో ఆ జంటను ఎర్త్‌కు కాకుండా నల్ల వైరుకు కలపండి. అప్పుడు దానిలో రెండో కాయిల్ మిగిలి, మధ్యలో హమ్ రద్దవుతుంది. విడగొట్టిన జేబీ సగటు హంబకర్లకంటే నయం, ఒక్క కాయిలే 8 కిలోఓమ్‌లు ఉంటుంది గనుక పలచబడిపోదు. జాజ్ విడగొడితే బాగా సన్నబడుతుంది.

ఆన్‌లైన్‌లో సగం ధరకు వచ్చే జేబీల విషయంలో జాగ్రత్త. మీటరు పెట్టి 16 చుట్టుపక్కల రాకపోతే, వైరు నాలుగు రంగులూ ఒక ఉత్త తీగా కాకుండా ఇంకోలా ఉంటే వెనక్కి పంపేయండి. కొలిచేటప్పుడు పికప్ పాట్‌కు అతికి ఉండకూడదు. 500 పాట్‌తో కలిపి కొలిస్తే 16.4 కాస్తా 15.9 అవుతుంది, అనవసరంగా అనుమానం వస్తుంది.

చివరిగా ఎత్తు. ఆఖరి ఫ్రెట్ దగ్గర తీగను నొక్కిపట్టి, తీగ అడుగు నుంచి మేకు తలకు కొలవండి. బ్రిడ్జి దగ్గర సన్న ఇ వైపు 1.6 మిల్లీమీటర్లు, లావు ఇ వైపు 2. నెక్ దగ్గర రెండు వైపులా 2.4. ఇది మొదలుపెట్టే చోటు మాత్రమే. జేబీ గుచ్చుతుంటే సన్న తీగ వైపు పావు చుట్టు చొప్పున దించుతూ, ప్రతిసారీ ఆంప్‌లో మోత సమం చేసి వినండి. జాజ్ మోతను దానికి సరిపోయేట్టు పైకెత్తాలి. స్విచ్ అటూ ఇటూ తిప్పినప్పుడు బ్రిడ్జి వైపు కొంచెం బలంగా వినిపిస్తే చాలు. ఏ తీగైనా వెనకబడితే దాని కింది స్క్రూను అర చుట్టు లేపండి. పైకి లేపినకొద్దీ అది వదులవుతుంది, రెండు చుట్లు దాటనివ్వకండి.